పిట్టగోడ

పాఠము: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 13:4, యిర్మీయా 22:13



మోషే ధర్మశాస్త్రములో బలులు, పండుగలు మాత్రమే కాదు, బేల్దారి పనియు నున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనందున ఎవడైనను పడి చచ్చినయెడల ఆ దోషము ఆ యింటిమీదికి వచ్చును. వేసవి రాత్రులు బిడ్డలతో మిద్దెమీద పండుకొను మన సీమవారికి దీనికి వివరణ అక్కరలేదు. అయితే ఒకటి గమనించుడి. యజమానునికి తన మిద్దె అంచు తెలిసియే యుండును. పడువాడు చుట్టమో, కూలివాడో, పొరుగింటి పిల్లవాడో. గనుక ఆ గోడ పరులకొరకైనది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున ఈ పాఠము మన వాకిటికే వచ్చెను. ఎగువను పింఛా ప్రాజెక్టు కట్ట తెగెను, చెయ్యేరు పొంగెను, మన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములలో మనుష్యులు, పశువులు, ఇండ్లు పోయెను. పొలములలో ఇసుక మేటవేసెను. అయిదు గేట్లలో ఒకటి పని చేయలేదని మరుసటి నెల కేంద్రమంత్రి పార్లమెంటులో తెలిపిరి.

"వారు ఏ పాపము చేసిరో" అనువారు అన్ని ఊళ్లలోను ఉందురు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడును జనులు అట్లే తలంచిరి. ప్రభువు ఆ తలంపును ఒప్పుకొనలేదు. చచ్చినవారి పాపము లెక్కించుట మన పని కాదు. కట్ట ఎట్లున్నదని బ్రతికియున్నప్పుడే అడుగుట మన పని. గేటు తిరుగుచున్నదా అని చూచుటయు పిట్టగోడయే. ఆ డిసెంబరులోనే ఆనకట్టల భద్రతా చట్టము వచ్చెను. దాని ప్రకారము పెద్ద ఆనకట్టలను ఏటేట వానలకు ముందొకసారి, తరువాత నొకసారి తనిఖీ చేయవలెను. గ్రామసభలో ఆ తనిఖీ మాట అడుగుటకు జంకనక్కరలేదు.

ఇక యిర్మీయా సంగతి. దేవదారు పలకలతో నగరు కట్టించి, పని చేసినవానికి కూలి ఎగవేసిన రాజును ప్రవక్త గద్దించెను. మన సంఘములలో ఇటుకలు మోయు అమ్మలు, సున్నము కలుపు అన్నలు అనేకులున్నారు. దేవుని మందిరము కట్టునప్పుడైనను వారి కూలి ఆ వారమే ముట్టవలెను. "దేవుని పని గదా, ఆగు" అనుట మరింత ఘోరము.

18 నుండి 60 ఏండ్ల లోపువారు, గడచిన సంవత్సరములో 90 దినములు కట్టడపు పని చేసినవారు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసికొనవచ్చును. చదువురాని వారికి మన యువజనులు ఆదివారము ఆరాధన తరువాత దరఖాస్తు వ్రాసిపెట్టవలెను. పనికి పోయిన దినములను ఎప్పటికప్పుడు ఒక చిన్న పుస్తకములో గుర్తు పెట్టించుకొనుడి.