సొంత మేతతో కుటుంబపు పాడి: గోదావరి డెల్టా సేద్యగాండ్రకు సూచనలు

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువల క్రింద వరిసేద్యము మిక్కిలి విస్తరించెను. పశువులు మేయు బీళ్ళు తగ్గెను. నేటికిని డెల్టా పల్లెలలో పశువునకు మూలమైన మేత వరిగడ్డియే. కోతయంత్రములు వచ్చిన పిదప ఆ గడ్డియు పలుచోట్ల చేలలోనే చెదరి కాల్చబడుచున్నది. ఇంటి గడ్డిని కాల్చి, మేతను బజారున కొను రైతునకు పాలధర హెచ్చినను మిగులునది స్వల్పము. కావున పాడి నిలువవలెనన్న మేత సొంత భూమినుండియే రావలెను. రెండు గేదెలు, వాని దూడలు, పది బాతులు గల కుటుంబమునకు తగిన పద్ధతి యిందు వ్రాయబడినది.

1. ఎండుమేత

గేదె యొక్కటికి దినమునకు 6 కిలోల చొప్పున సంవత్సరమునకు సుమారు 22 క్వింటాళ్ళ గడ్డి కావలెను. రెండింటికి 44 క్వింటాళ్ళు వామి వేసిన పిమ్మటనే మిగిలినది అమ్మదగును. వామిని, పశువులపాకను మెరకమీదనే యుంచవలెను. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును చూచినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ 21 దినములు కప్పియుంచిన గడ్డి మెత్తబడి బలవర్ధకమగును. తీసిన గడ్డిని ఒక గంట ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరుమాసములలోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియానీటిని పశువు త్రాగిన ప్రాణాపాయము. తొట్టిని మూతలేక విడువరాదు.

2. పచ్చిమేత

కోతకు ముందు, చేలో తేమ యుండగనే పిల్లిపెసరగాని జనుముగాని చల్లుట ఈ సీమలో పాతవాడుక. రెండవపంటకు నీరందని చేలకు ఇది మిక్కిలి తగినది. ఇవి గాలియందలి నత్రజనిని నేలకు చేర్చును. మేపగా మిగిలినది దున్నిన వరికి ఎరువగును. గట్లమీద అవిసెమొక్కలు, కొబ్బరితోటలలో చెట్లనడుమ పచ్చగడ్డి పెంచవచ్చును. తవుడు, నూకలు, కొబ్బరిచెక్క ఇంటనుండగా దాణాకై కొనవలసినది ఉప్పు, ఖనిజలవణములు, మరికొంత తెలకపిండి మాత్రమే.

3. దూడ

రేపటి గేదె నేటి పెయ్యదూడయే. గేదెదూడలు మొదటి మూడు మాసములలోనే యెక్కువగా చచ్చును. పాలు అమ్ముటకై దూడను ఎండగట్టుట, ఏలికపాములు, ఈ రెండును ముఖ్యకారణములు. ఈనిన గంటలోపల జున్నుపాలు త్రాగింపవలెను. 30 కిలోల దూడకు మొదటి దినమున 3 కిలోలు అవసరము. ఏలికపాములు తల్లిపాలద్వారానే సంక్రమించును గనుక పదియవ దినముననే పశువైద్యుని యడిగి మందు పోయింపవలెను. దూడ చచ్చిన గేదె తరచుగా పాలు చేపదు, నష్టము రెండింతలగును.

4. రోగములు

గొంతువాపు, జబ్బవాపు టీకాలను వానలకు ముందే వేయింపవలెను. గాలికుంటు టీకాను ఏటికి రెండుమారులు వేయింపవలెను. పూర్వము మందలను తుడిచిపెట్టిన ముసరవ్యాధి టీకాల బలముననే అంతరించెను. 2011లో అది లోకమంతట తొలగినదని ప్రకటింపబడెను. కనుక టీకాను శంకింపరాదు.

కాలువలు, గుంటలు గల మన సీమలో కార్జపుజలగ పెద్ద శత్రువు. ఇది నత్తలలో పెరిగి, నీటియొడ్డు గడ్డిద్వారా పశువును చేరును. పశువు చిక్కుట, పారుట, దవడక్రింద నీరుదిగుట దీని గుర్తులు. మురుగుపల్లములలో మేపరాదు. బాతులు నత్తలను తినును. వానిని ఆ పల్లములకు తోలిన శత్రువు తగ్గును, గ్రుడ్లును లభించును.

5. పేడ

రెండు గేదెల పేడ, దినమునకు సుమారు 25 కిలోలు, ఒక ఘనమీటరు గోబరుగ్యాసు తొట్టికి చాలును. వంటకు మంట వచ్చును. వెలువడిన మడ్డి చేనికి మంచి యెరువు. పిడకలుగా కాల్చిన పేడ చేనికి దక్కదు.

చేని గడ్డి పశువునకు, పశువు పేడ చేనికి, పాలలో మొదటిభాగము ఇంటిబిడ్డలకు, మిగిలినది అమ్మకమునకు: ఇదియే స్వయంపోషకమైన పాడి. కొన్న మేతను, అమ్మిన పాలను మాసమాసమునకు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. కొన్నది తగ్గుచున్నయెడల మీ పాడి సరియైన త్రోవను నడచుచున్నదని యెరుంగుడు.