మారిషసు ద్వీపమున పండుగలు

"రేపు సెలవు" అను మాట చెవిని సోకినంతనే విద్యార్థుల ముఖములు వికసించును. నేను ఉపాధ్యాయుడనై యుండిన దినములలో సెలవు ప్రకటన తెచ్చిన బంట్రోతు తరగతి గుమ్మమున నిలిచినచో, ఆపైన పాఠము సాగదని యెఱుగుదును. ఒకనాడు ప్రకటన చదివి, "రేపు ఎవరి పండుగ?" అని యడిగితిని. "ఎవరిదైన నేమండి? మనకు సెలవే పండుగ" అని యొక బాలుడు బదులు చెప్పెను. తరగతి యంతయు ఘొల్లుమని నవ్వెను. నేనును నవ్వితిని. కాని మరునాటి పండుగ ఎవరి యింట జరుగవలెనో ఆ బాలుడు చివరి బల్లమీద కూర్చుండి యుండెను. అతడొక్కడే నవ్వలేదు. ఆ సంగతి నేను గ్రహించుసరికి గంట మ్రోగెను. పిల్లలు ఇండ్లకు పోయిరి. ఆనాడు చెప్పవలసియుండి చెప్పక విడిచిన పాఠమే యిది.

విద్యార్థులారా! పంచాంగమున ఎఱ్ఱని అంకెతో అచ్చుపడిన ప్రతిదినము వెనుకను ఒక కథ యుండును. కొన్ని పండుగలు ఋతువుల మార్పును బట్టి పుట్టినవి. ఇరాను దేశమున వసంతారంభమున నౌరోజు అను నూతన సంవత్సరోత్సవము జరుగును. పదుమూడవ దినమున జనులు ఇండ్లు విడిచి పచ్చిక బయళ్ళకు పోయి వనభోజనములు చేయుదురు. కొన్ని దినములు స్మరణకై ఏర్పడినవి. మెక్సికో దేశమున నవంబరు 1, 2 తేదీలలో గతించిన బంధువుల జ్ఞాపకార్థము బంతిపూలతో పీఠము లలంకరింతురు. మన గుమ్మములకు తోరణములు కట్టు బంతిపూవు ఆ దేశమునకు చెందినదే. మఱికొన్ని దినములు విశ్రాంతి కొఱకు శాసనముచే ఏర్పడినవి. 1871లో ఇంగ్లండున సర్ జాన్ లబ్బాకు అను పార్లమెంటు సభ్యుని ప్రతిపాదనవలన ఏడాదికి నాలుగు దినములు బ్యాంకులకు సెలవు లభించెను. ఏసుక్రీస్తు భక్తులైన మహనీయుల పేర దినములుండుట అచ్చట పరిపాటి గనుక, ప్రజలు ఈ దినములను 'సెయింటు లబ్బాకు దినములు' అని వేడుకగా పిలిచిరి.

ఈ మూడు తెఱగుల పర్వదినములను ఒక్కచోట చూడగోరువారు మారిషసు దేశపు సెలవుల పట్టికను చూడవలెను. అది హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పున నున్న చిన్న ద్వీపము. విస్తీర్ణము రెండువేల చదరపు కిలోమీటర్లకు లోపు. దేశ జనసంఖ్య సుమారు పన్నెండున్నర లక్షలు. ఇంత చిన్న దేశమున హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, చీనాజాతివారు కలసి జీవించుచున్నారు. హిందువులలో మరల భోజపురి, తమిళము, తెలుగు, మరాఠీ భాషలవారు వేర్వేరు సంప్రదాయములు గలవారు. వీరందఱి ముఖ్యమైన పండుగలకును అచ్చట దేశమంతటికి సెలవు. చీనావారి వసంతోత్సవమునాడు తెలుగు బాలునికి సెలవు. తెలుగువారి ఉగాదినాడు చీనా బాలునికి సెలవు. ఇది యెట్లు సంభవించెనో తెలియుటకు ఆ ద్వీపచరిత్రను కొంత యెఱుగవలెను.

ఆ ద్వీపమునకు ఆదివాసులు లేరు. 1598లో డచ్చివారు అచ్చట దిగి, తమ రాకుమారుడైన మారిసు పేర దానికి నామకరణము చేసిరి. వారు 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును దానిని వశపఱచుకొనిరి. చెఱకు తోటలలో పని చేయుటకు మడగాస్కరునుండి, తూర్పు ఆఫ్రికానుండి మనుష్యులను బానిసలుగా కొనితెచ్చిరి. వారికి పండుగయు లేదు, సెలవును లేదు. తుదకు తమ పేరైనను తమది కాదు. పారిపోయినవారు కొందఱు నైరుతి తీరముననున్న లె మోర్ను అను నిటారు కొండపై దాగి జీవించిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన అచ్చట బానిసత్వము రద్దయ్యెను. ఆ వార్త చెప్పుటకు రక్షకభటులు కొండ యెక్కగా, తమ్ము పట్టుకొనుటకే వచ్చుచున్నారని భ్రమించి, మరల బానిసలగుటకంటె చావే మేలని వారు శిఖరమునుండి దుమికిరని జనులు చెప్పుకొందురు. స్వేచ్ఛావార్త వినకుండగనే ప్రాణములు విడిచిన వారి ఈ గాథ ఆ ద్వీపవాసుల హృదయములలో చెఱగక నిలిచినది. ఫిబ్రవరి 1వ తేదీ నేడు అచ్చట జాతీయ సెలవుదినము.

బానిసత్వము పోవుచుండగా తోటల యజమానులు పనివారికై భారతదేశము వంక చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాసు' అను ఓడలో 36 మంది కూలీలు కలకత్తానుండి వచ్చి పోర్టు లూయీ రేవున దిగిరి. వారు అయిదేండ్లు పని చేయుటకు ఒడంబడిక చేసికొన్నవారు. నెలకు కూలి అయిదు రూపాయలు. నాటినుండి 1920 వఱకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ రేవున దిగిరి. అందు విశాఖపట్టణ, గోదావరి ప్రాంతముల తెలుగువారును గలరు. గోదావరి ముఖమునగల కోరంగి రేవునుండి ఓడ యెక్కినవారగుటచే వారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు.

ఆ కూలీలకు సెలవనగా నేమో వినుడు. అనుమతి లేక ఒక్కదినము పనికి రానివానికి రెండుదినముల కూలి కోసివేయుట తోటలలో ఆచారము. దానిని 'రెండింతల కోత' అని పిలిచిరి. ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినను, ఊరిదేవత పండుగ వచ్చినను, ఒకనాడు పనికి పోనివానికి రెండునాళ్ళ కూలి నష్టము. నెలకు అయిదు రూపాయలు గడించువానికి పండుగ ఎంత ప్రియమైన వస్తువో యోచింపుడు! 1871లో అడోల్ఫు ద ప్లెవిట్సు అను ఐరోపీయుడు కూలీల కష్టములను వర్ణించుచు ఒక విన్నపము వ్రాసియిచ్చెను. దానిపై తొమ్మిదివేలకు పైగా కూలీలు తమ గుర్తులు వేసిరి. తోటల యజమానులు కోపించి, అతనిని ద్వీపమునుండి వెడలగొట్టవలెనని కోరిరి. కాని ఆ విన్నపము వృథా కాలేదు. మఱుసటి యేడు ఇంగ్లండునుండి విచారణ సంఘము వచ్చెను. ఇంగ్లండున బ్యాంకు ఉద్యోగులకు సెలవులు చట్టమైనదియు, ఆ రాజ్యముననే యున్న ద్వీపమున కూలీలు తమ కడగండ్లను విన్నవించుకొన్నదియు ఒక్కటే సంవత్సరము!

ఆ కూలీలు దిగిన రేవుకట్టకు నేడు 'ఆప్రవాసీ ఘాట్' అని పేరు. దానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. 2008లో లె మోర్ను కొండకును అట్టి గౌరవమే లభించెను. ప్రతి సంవత్సరము నవంబరు 2వ తేదీన దేశమంతయు సెలవు పాటించి, ఆ రాతిమెట్లపై తొలుత అడుగిడినవారిని స్మరించును. ఒక్కనాటి విరామమునకు రెండునాళ్ళ కూలి కోల్పోయినవారి పేర నేడు దేశమున కంతటికి ఒకనాటి విరామము కలిగినది. ఇంతకంటె ఉచితమైన కృతజ్ఞత మఱి యేమి గలదు?

కూలీలు తమ వెంట ధనము తేలేదు, పండుగలను తెచ్చిరి. మహాశివరాత్రికి ద్వీపము నలుమూలలనుండి భక్తులు తెల్లని వస్త్రములు ధరించి, వెదురు కావళ్ళను పూలతో నలంకరించి భుజములపై మోయుచు, కాలినడకను గంగాతలావునకు పోవుదురు. అది అగ్నిపర్వత బిలమున నేర్పడిన సరస్సు. 1972లో మన గంగాజలము తెచ్చి అందు కలిపిరి. నడచువారికి దారిపొడుగునను జనులు పానీయములు, ఫలహారములు అందింతురు. తమిళులు తైపూసమున ఉపవాసదీక్ష పూని, పూలతో నలంకృతమైన కావళ్ళు మోయుచు, పాలచెంబులతో కుమారస్వామి కోవెలకు పోవుదురు. మరాఠీవారు వినాయకచవితిని, మహమ్మదీయులు రంజాను పండుగను జరుపుదురు. నాడు వారు బిరియాని వండి పొరుగువారికిని పంచుదురు. చీనావారు తమ నూతన సంవత్సరమున ఇండ్లను ఎఱ్ఱరంగుతో నింపి, బాణసంచా కాల్చి, బియ్యపు పిండితో చేసిన తీపిరొట్టెలను ఇరుగుపొరుగులకు ఇత్తురు. నాడు వారు కత్తిని, కత్తెరను ముట్టరు. దీపావళికి హిందువుల యిండ్లలో చిలగడదుంప పిండిలో కొబ్బరి, చక్కెర పూర్ణముగా పెట్టి, మన కజ్జికాయల పోలికగల భక్ష్యములు చేసి, మతభేదము లేక పంచిపెట్టుదురు.

ఇక మన ఉగాది సంగతి. మారిషసు భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది. అందువలన మనకు వసంతమైన చైత్రమాసము వారికి వేసవి వెడలు కాలము. మనకు చలికాలమున వచ్చు క్రిస్మసు వారికి నడివేసవి. నాడు ఎఱ్ఱని పూలు విరియబూచిన చెట్లక్రింద పిల్లలు లిచీపండ్లు తిందురు. కోకిల కూయకున్నను, మామిడి చిగురించు తఱి కాకున్నను, అచ్చటి తెలుగువారు చైత్రశుద్ధ పాడ్యమినాడే ఉగాది జరుపుకొందురు, పచ్చడి సేవింతురు. వారి పూర్వులు ఋతువును వెంట కొనిపోలేకపోయిరి. తిథిని మాత్రము విడువలేదు. సింహాచలమునకు వేలమైళ్ళ దూరమున నుండియు వారు సింహాద్రి అప్పన్నను కొలుచుచు, రామభజనలు చేయుచున్నారు. జనసంఖ్యలో వారు కొద్దిపాటి భాగమే యైనను ఉగాది అచ్చట అందఱికిని సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ ద్వీపముననే జరిగెను.

ఆ దేశము 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమయ్యెను. 1901లో దక్షిణాఫ్రికానుండి మరలుచు గాంధీమహాత్ముడు ఆ ద్వీపమున కొన్నిదినములు విడిసి, బిడ్డలను చదివింపుడని అచ్చటి భారతీయులకు బోధించెను. ఆయన 1930లో దండియాత్రకు బయలుదేరిన తేదీయే మార్చి 12. ఆ జ్ఞాపకార్థమే స్వాతంత్ర్యదినముగా ఆ తేదీని వారు ఎన్నుకొనిరి.

ఈ పట్టిక వలననే ఆ దేశమున కలహములు మాసిపోయినవని తలంపరాదు. స్వాతంత్ర్యమునకు ముందు 1968 జనవరిలోను, మరల 1999లోను అచ్చట అల్లరులు చెలరేగి ప్రాణనష్టము కలిగెను. సెలవు ఇచ్చినంత మాత్రమున సోదరభావము కలుగదు. సెలవు తలుపు తెఱచును. లోనికి అడుగిడవలసినవారు మనుష్యులు. పొరుగింటినుండి వచ్చిన భక్ష్యపు పళ్ళెరమును ఖాళీగా త్రిప్పిపంపని గృహిణి చేయు పని శాసనములు చేయజాలవు. సెప్టెంబరు 9వ తేదీ అచ్చట సెలవు కాదు. అయినను ఆ సందర్భమున వేలకొలది జనులు సెయింటు క్రావా అను చోట నున్న లవాలు మతగురువు సమాధికి నడచిపోవుదురు. 1864లో మృతినొందిన ఆయన విముక్తులైన బానిసల సేవలో జీవితమును గడపెను. ఆ యాత్రికులలో క్రైస్తవులే కాక ఇతర మతములవారును ఉందురు. ఎవరును ఆజ్ఞాపింపకున్నను వారు పోవుచున్నారు.

మన దేశపు సెలవుల పట్టికయు ఇట్టిదే. అందును పలువురి పండుగలు, పలువురి త్యాగములు గలవు. పరుల పండుగవలన మనకు సెలవు కలిగినప్పుడు మనము వారికి కొంత ఋణపడుదుము. ఆ ఋణము తీర్చుట కష్టము కాదు. ఆ దినము ఎవరిదో, ఏల వచ్చెనో తెలిసికొనుట మొదటి మెట్టు; ఆ పండుగ జరుపుకొను మిత్రుని పలుకరించి శుభము కోరుట రెండవది; అతడు పిలిచినచో పోయి, అతని యింటివారితో కూర్చుండి భుజించుట మూడవది.

నాటి తరగతిలో చివరి బల్లమీది బాలుడు ఇప్పుడు ఎక్కడ నున్నాడో నే నెఱుగను. మీ తరగతిలోను అట్టి బాలుడో బాలికయో ఉండవచ్చును. ఈమాఱు సెలవు ప్రకటన వచ్చినప్పుడు సంచి సర్దుకొనుటకు ముందు ఒక్కసారి వెనుకకు తిరిగి, "రేపు మీ పండుగ కదా! ఏమేమి చేయుదురు?" అని యడుగుడు. నాడు నేను అడుగని ప్రశ్నను మీరైనను అడిగినచో నాకు సంతోషము.

ప్రశ్నలు

1. పర్వదినములు ఎన్ని తెఱగులని ఈ పాఠమున చెప్పబడినది? ఒక్కొక్కదానికి ఉదాహరణ మిమ్ము.
2. 'రెండింతల కోత' అనగా నేమి? నవంబరు 2వ తేదీ సెలవునకు దానితో గల సంబంధమును వివరింపుము.
3. మారిషసులోని తెలుగువారి ఉగాదికిని మన ఉగాదికిని గల భేదమేమి?
4. "సెలవు తలుపు తెఱచును, లోనికి అడుగిడవలసినవారు మనుష్యులు." ఈ వాక్యభావమును సొంతమాటలలో వ్రాయుము.
5. మీ తరగతిలోని మిత్రులు జరుపుకొను పండుగలలో మీ యింట జరుగని యొకదానిని గూర్చి, ఆ మిత్రుని అడిగి తెలిసికొని, పది వాక్యములు వ్రాయుము.