శాతం తక్కువైతే పింఛను ఆశ వదులుకోవాలా?

కాలి వైకల్యం 35 శాతమేనని సదరం వైకల్య నిర్ధారణ శిబిరంలో తేల్చడంతో తండ్రికి పింఛను రాలేదని, అప్పీలు ఉందా అని సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ పాఠకుడొకరి ప్రశ్న.

ఉంది.

దివ్యాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి. వినికిడి లోపమైతే 51. ఇక్కడ అడ్డుపడింది డాక్టర్లు వేసిన అంకె. దాన్ని మార్చడం ఎంపీడీఓ చేతిలో లేదు, ఆ ఆఫీసు చుట్టూ తిరిగితే చెప్పులు అరగడమే. ధ్రువీకరణ అధికారి నిర్ణయంపై అప్పీలు హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ఇచ్చింది.

ఇందుకోసం పునఃపరీక్ష కోరే అర్జీని సూర్యాపేట కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. సదరం పత్రం, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు జతచేయాలి. అర్జీలో పేదరికం గురించి పేజీలకొద్దీ రాస్తారు చాలామంది. కానీ మెడికల్ బోర్డు చూసేది మోకాలు ఎంతవరకు వంగుతుందో, నడక ఎంత సాగుతుందో.