మన తరువాత బిడ్డను ఎవరికి అప్పగించాలి?

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డల తల్లిదండ్రులను లోలోపల తొలిచే ప్రశ్న ఒక్కటే: “మేం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?” చాలామంది ఉన్న రెండెకరాలూ పెద్దకొడుకు పేర రాసి, “తమ్ముణ్ణి చూసుకో నాయనా” అంటారు. కొడుకు మంచివాడే కావచ్చు. కానీ పొలం అతని పేరున పడ్డాక అది అతని ఆస్తే. మిరప, పత్తి పంటల అప్పు తీర్చడానికి రేపు అమ్మితే, అడ్డుచెప్పే కాగితం మీ చిన్నవాడికి ఉండదు.

చట్టంలో రెండు దారులున్నాయి.

ట్రస్టు: 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం ప్రకారం పొలాన్ని గాని, డబ్బును గాని బిడ్డ కోసం ట్రస్టుగా రాయవచ్చు. ట్రస్టీ దాన్ని సొంతానికి వాడుకోకూడదు, లెక్కలు రాయాలి. పొలమైతే పత్రం రిజిస్టరు చేయించాలి. లేదా వీలునామాలో రాయాలి.

గార్డియన్: 18 ఏళ్లు నిండిన బిడ్డకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. జిల్లా కలెక్టర్ అందులో సభ్యులు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది గనుక మాచర్ల, గురజాల వారు కూడా నరసరావుపేట కలెక్టరేట్‌లోనే అడగాలి. గార్డియన్ ఆరు నెలల్లో బిడ్డ ఆస్తి జాబితా, ఆపైన ఏటా లెక్కలు ఇవ్వాలి. బిడ్డను నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా, బంధువులు ఎవరైనా కమిటీకి ఫిర్యాదు చేసి అతణ్ణి తొలగించమని కోరవచ్చు.

ఎవరిని ఎంచుకోవాలి?

1. వయసులో మీకన్నా చిన్నవారు, ఆరోగ్యం బాగున్నవారు.

2. అప్పుల్లో మునగనివారు, పైసాకు లెక్క చెప్పే అలవాటున్నవారు.

3. బిడ్డ ఎవరి దగ్గర నిమ్మళంగా ఉంటాడో వారు. బిడ్డకు ఏమి ఇష్టమో తప్పక గమనించండి.

4. బిడ్డ తదనంతరం ఆస్తి ఎవరికి వస్తుందో, వారొక్కరి చేతిలోనే డబ్బంతా పెట్టకండి.

వీలైతే పనిని పంచండి. అన్నం పెట్టి చూసుకునేది అన్నావదినలైతే, డబ్బు చూసేది మేనమామ, ఇంకొక నమ్మకస్థుడు కలిసి కావచ్చు. ఒకరిపై ఒకరి కన్ను ఉంటుంది. ట్రస్టీ చనిపోతే తరువాత ఎవరో కూడా పత్రంలో రాయించండి.

లెక్క అడగడం అనుమానించడం కాదు. రేపు నలుగురూ వేలెత్తి చూపకుండా అది మంచివాణ్ణీ కాపాడుతుంది.

మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే అయినవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. బిడ్డ వైకల్య ధ్రువపత్రం, పొలం కాగితాలు తీసుకుని వకీలును కలవండి. బిడ్డ వేసుకునే మందులు, తినే తిండి, భయపడే సంగతులు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. అవి మీకు తప్ప మరెవరికీ తెలియవు.