మా యింటి సంగతి

ఒక యింటి యజమానుడు తనవారిని నిత్యము హింసించుచుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి వారింపగా "ఇది మా యింటి సంగతి, మీకేమి పని?" అని తలుపు మూసికొనెను. లోపలి యేడ్పు మాత్రము వీధిలోనికి వినవచ్చుచునే యుండెను. ఒక దేశప్రభుత్వమే యిట్లు పలికినచో లోకమేమి చేయవలెను? దక్షిణాఫ్రికా చరిత్రము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

ఆ దేశమున తెల్లవారు కొలదిమంది. నల్లజాతివారు మిక్కిలి అధికులు. అయినను అధికారమంతయు చిరకాలము తెల్లవారి చేతిలోనే యుండెను. 1860 మొదలు చెరకుతోటలలో కూలిపనికై నేటాలు చేరిన భారతీయులును అచ్చట కలరు. వారిలో తెలుగువారును పెక్కుమంది. వీరి సంతతివారు నిర్ణీత ప్రాంతములలో దప్ప భూమి కొనరాదని 1946లో ఒక చట్టము పుట్టెను. అప్పటికి మనకు స్వాతంత్ర్యము రాలేదు. అయినను భారతదేశము ఆ దేశముతో వర్తకము మానుకొని, ఐక్యరాజ్యసమితిలో మొరపెట్టెను. శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ మన పక్షమున వాదించిరి. అది తమ దేశపు లోపలి విషయమనియు, సమితికి జోక్యము తగదనియు దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్సు వాదించెను. సమితి ఆ వాదమును త్రోసిపుచ్చెను. భారతీయులను న్యాయముగ చూడవలెనను తీర్మానమును 32 దేశములు బలపరచెను. 15 దేశములు ఎదిరించెను.

1948లో నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చిన పిమ్మట జాతిభేదము 'అపార్థీడ్' అను పేర రాజ్యవిధానమయ్యెను. ఏ జాతివారు ఎచ్చట నివసింపవలెనో చట్టమే నిర్ణయించెను. నల్లజాతివారు పట్టణములలో తిరుగుటకు 'పాసు' అను అనుమతిపుస్తకమును వెంట నుంచుకొనవలెను. లేనిచో చెరసాలయే గతి. 1960 మార్చి 21వ తేదీన షార్ప్‌విల్‌లో ప్రజలు ఈ చట్టమును నిరసించుచు పోలీసు ఠాణా యెదుట గుమిగూడిరి. వారు నిరాయుధులు. పోలీసులు కాల్పులు జరిపిరి. నాటి లెక్క ప్రకారము 69 మంది మరణించిరి. పెక్కురకు గుండ్లు వెన్నున తగిలినవి. అనగా వారు పారిపోవుచుండగా కూలినవారు.

లోకము కలతచెందెను. అయినను వర్తకలాభమును విడువనొల్లని బలమైన దేశములు చాలకాలము వెనుకాడెను. మాటలతో ఆ ప్రభుత్వము మారలేదు. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడలకు దానిని రానీయలేదు. 1974లో డేవిస్ కప్పు టెన్నిస్ తుదిపోటీలో భారతదేశము దక్షిణాఫ్రికాతో ఆడవలసివచ్చెను. ఆ కప్పును మనము అంతకుముందెన్నడును గెలిచియుండలేదు. అయినను భారతదేశము ఆట మానుకొనెను. కప్పు ఎదుటివారికి పోయెను. 1977లో భద్రతాసమితి, దక్షిణాఫ్రికాకు ఎవరును ఆయుధములు అమ్మరాదని శాసించెను.

1990 ఫిబ్రవరి 11వ తేదీన నెల్సన్ మండేలా 27 ఏండ్ల చెరనుండి వెలువడిరి. 1994 ఏప్రిలులో అన్ని జాతులవారును సమానముగ ఓటువేసిరి, మండేలా దేశాధ్యక్షులైరి. ఈ విజయము ప్రధానముగ లోపల నిలిచి పోరాడినవారిది. బయటివారు చేసినది ఒక్కటే: తలుపు తెరచువరకు తట్టుట మానలేదు.

ప్రశ్నలు
1. 1946లో దక్షిణాఫ్రికా ప్రధాని చేసిన వాదమేది? సమితి దానినేల అంగీకరింపలేదు?
2. 1974లో భారతదేశము విడిచినదేమి? నిలుపుకొన్నదేమి?