క్యారమ్ బోర్డు మీద ఘనం, ద్రవం, వాయువు



ఘన, ద్రవ, వాయు పదార్థాల బొమ్మ గీయమంటే పిల్లలు చకచకా గీసేస్తారు. కానీ చాలామంది ద్రవంలో కణాలను దూరదూరంగా పెడతారు. అది తప్పు. నీటిలో కూడా అణువులు దాదాపు ఆనుకునే ఉంటాయి. లేనిది వరుస మాత్రమే. దీన్ని బట్టీ పట్టించకండి. ఈ ఆదివారం మీ పిల్లలతో కొలిపించండి.

1. ఆట మొదట్లో పేర్చినట్టే 19 కాయిన్లు పేర్చండి. రెడ్ మధ్య నుంచి మిగతా 18 కాయిన్ల మధ్యకు దూరాలను స్కేలుతో కొలిచి రాయమనండి. కాయిన్ వెడల్పు 3 సెం.మీ. అయితే ఆరు కాయిన్లు 3 దగ్గర, ఆరు 5.2 దగ్గర, ఆరు 6 దగ్గర వస్తాయి. ఇది ఘనం.

2. గుంపు విడిపోకుండా చేత్తో కలిపి మళ్లీ కొలవండి. పక్కనున్నవి ఇంకా 3 దగ్గరే ఉంటాయి. ఆపైన అంకెలు కలగాపులగం. ఇది ద్రవం.

3. స్ట్రైకర్‌తో కొట్టి బోర్డంతా చెదరగొట్టండి. ఇప్పుడు ఏ అంకెకూ ప్రత్యేకత లేదు. ఇది వాయువు.

1960 ప్రాంతంలో లండన్‌లో జె.డి. బెర్నాల్ అనే శాస్త్రవేత్త ద్రవాల నిర్మాణాన్ని ఇలాగే, ఉక్కు గుండ్లను కలిపి పోసి పరిశీలించారు.

పట్టికను సైన్స్ నోట్‌బుక్‌లో రాయించి పంపండి. అంకెలు కాస్త అటూ ఇటూ వచ్చినా మీరు దిద్దకండి. "మరి నీళ్లు ఎందుకు పారతాయి, రాయి ఎందుకు పారదు?" అని మాత్రం అడగండి. జవాబు వాళ్ల పట్టికలోనే ఉంది.