రాత్రి విధులు – పగటి నిద్ర

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం – ఈ మూడూ శరీరాన్ని నిలిపే ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. ఆసుపత్రులలో వేళలు మారుతూ పనిచేసే నర్సులకు వీటిలో మొదట సడలేది నిద్ర. రాత్రంతా రోగులకు సేవచేసి ఉదయం ఎనిమిదికి ఇల్లు చేరిన ఇల్లాలు నేరుగా వంటగదిలోనికి నడవడం మన కుటుంబాలలో కనిపించేదే.

జాగరణ దేహంలో రూక్షగుణాన్ని పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, మలబద్ధకం, చిరాకు అందువల్ల కలిగేవే. పగటి నిద్ర కఫాన్ని పెంచుతుందని సాధారణంగా నిషేధించిన ఆయుర్వేదమే, జాగరణతో అలసినవారికి దానిని అనుమతించింది. కోల్పోయిన నిద్రలో సగం కాలం మరునాటి ఉదయం, భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. ఎనిమిది గంటల నిద్ర పోయినవారికి నాలుగు గంటలన్నమాట. ఇది కనీసం, మిగిలిన కొరతను సాయంత్రం విధికి వెళ్ళేముందు కొంతసేపు పడుకొని తీర్చుకోవాలి.

ఆచరించవలసినవి:

1. తెల్లవారుజామున కాఫీ, టీలు మానాలి.

2. ఇల్లు చేరగానే గోరువెచ్చని నీటితో స్నానం చేసి, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకొని, చీకటిగా ఉన్న గదిలో పడుకోవాలి. ఆకలి ఆగకుంటే పలుచని జావ చాలు.

3. లేచిన తరువాత పెసరకట్టు, నేయి కలిపిన వేడి అన్నం తినాలి. స్నిగ్ధాహారం వాతాన్ని శమింపజేస్తుంది.

ఆ నాలుగు గంటలు ఆమెకు దక్కాలంటే ఉదయపు వంట, పిల్లలను బడికి పంపడం ఇంటిలో మరొకరు చేపట్టాలి. పగలు పడుకొన్న కోడలిని సోమరి అనడం శాస్త్రానికీ న్యాయానికీ విరుద్ధం. ఆ నిద్ర ఆమెకు ఔషధం.

గర్భిణులు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహాతో ఆహారవేళలు నిర్ణయించుకోవాలి.